ఐదో గొంతు సస్పెన్షన్

సర్కారు కొలువులో మనుషులు వస్తుంటారు, పోతుంటారు. పోస్టు మాత్రం పోకూడదు. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని జనం మా సంస్థ గురించి ఊరంతా ఏవేవో కూస్తున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పక తప్పడం లేదు. నేను రాజమహేంద్రవరంలో రాష్ట్ర సుగమ సంగీత వికాస మండలి సూపరింటెండెంటుని. నాకు సంగీతం ఒక్క ముక్క రాదు. ఇన్నేళ్లుగా నిష్పక్షపాతంగా పనిచేయగలిగానంటే కారణం అదే.

మా మండలికి ఒక పాత కీబోర్డు ఉంది. మామూలుది కాదు, శాంప్లర్ అంటారు. అసలు వాద్యాల నాదాన్ని ముందే పట్టి ఫ్లాపీల్లో దాస్తారు. సన్నాయి ఫ్లాపీ తోసి మీట నొక్కితే సన్నాయి, వేణువు ఫ్లాపీ తోస్తే వేణువు. ఎనభైల్లో ఓడలో వచ్చింది. అప్పట్లో మా వాద్యకారులు ఎనిమిది మంది వరసగా రిటైరయ్యారు. కొత్తవాళ్లని వేసుకోవడానికి ఆర్థిక శాఖ ససేమిరా అంది, పోస్టులే ఎత్తేస్తానంది. అప్పటి డైరెక్టరు గారు మహా మేధావి. ఈ పెట్టె కొనిపించి, ఇందులో ఎనిమిది గొంతులున్నాయని అమ్మినవాడు అన్న మాటను పట్టుకుని, ఎనిమిది పోస్టుల్లోనూ దీన్నే చూపించారు. "సదరు వాద్యము ఎనమండుగురు సిబ్బందితో సమానముగా పరిగణింపబడును" అని ఉత్తర్వు వచ్చింది. అప్పటినుంచి మా స్టాఫులో అది ఎనిమిది మంది. ఒక్కళ్లూ సెలవడగలేదు, సంఘం పెట్టలేదు, నా మీద ఆకాశరామన్న ఉత్తరం రాయలేదు. అంతకన్న మంచి స్టాఫుని నేను చూడలేదు.

అలాంటి పెట్టెకి రోగమొచ్చింది. వార్షికోత్సవం రిహార్సల్సు మొదలైన రోజున, కీబోర్డు వాయించే ప్రభుదాసు నా టేబులు దగ్గరికొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"సూపర్నెంటు గారండీ, పెట్టె మధ్యమధ్యలో మూగబోతందండి."

"మోగుతోందా, లేదా? అది చెప్పు."

"మోగుతందండి. మోగుతా మోగుతా ఓ స్వరం మింగేస్తందండి. మళ్లీ ఏమెరగనట్టు మోగుతందండి."

డైరెక్టర్ చిదంబరేశ్వరరావు గారిని వెంటబెట్టుకుని హాల్లోకి వెళ్లాను. ప్రభుదాసు వాయించాడు. నిజమే, మధ్యలో ఒక స్వరం లేదు. ఆ మీట మీద ఎర్ర చీటీ అంటించాం. మళ్లీ వాయించమంటే చీటీ అంటించిన మీట ఖణేల్‌మని మోగింది, ఇంకోటి మూగబోయింది. దానికీ చీటీ అంటించాం. మధ్యాహ్నానికి కీబోర్డు నిండా చీటీలే. ఏ మీటా నేరం ఒప్పుకోవడం లేదు.

"ఇది యంత్రదోషము కాదు. క్రమశిక్షణాదోషము," అన్నారు డైరెక్టర్ గారు. వారు మామూలు మాటల్లో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో కూడా సాంబారు "మంజూరు చేయుము" అంటారని వినికిడి.

స్పీకరు మార్చాం. వైర్లు మార్చాం. ఫ్లాపీని స్పిరిట్‌తో తుడిచాం. ఎర్తింగు బాగాలేదేమోనని ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలో బొక్క పెట్టి వెళ్లాడు. అకౌంట్స్ సెక్షన్ వాళ్లు పెట్టెకి దిష్టి తీసి నిమ్మకాయ కట్టారు. పెట్టె మాత్రం తన స్వరం తాను మింగుతూనే ఉంది.

చివరికి ప్రభుదాసే ఒకటే మీటని టకటకా కొడుతూ కూర్చుని, వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి పట్టుకున్నాడు.

"ఆయ్, దొరికిందండి. మీటలెన్నున్నా లోపల పలికేవి ఎనిమిదేనండి. ఏ మీట నొక్కినా వంతు ఎవరిదైతే ఆ గొంతు పలుకుతుందండి. మొదటిది, రెండోది, మూడోది, అలా. ఐదోది చచ్చిందండి. దాని వంతొచ్చినప్పుడల్లా చప్పుడు లేదండి. మెనూలోకెళ్లి ఐదోదాన్ని ఆపేసేనంటే మిగతా ఏడూ సర్దుకుంటాయండి. రెండు నిమిషాల పనండి బాబూ."

"చెయ్యి తీ! ముందు ఆ మీటల మీంచి చెయ్యి తీ!" అని అరిచాను. ఏడింటితో బండి నడుస్తుందని ఒక్కసారి తెలిస్తే ఆర్థిక శాఖవాళ్లు ఊరుకుంటారా? ఎనిమిదో పోస్టుని ఎత్తుకుపోతారు. పోయిన పోస్టు మళ్లీ వచ్చిన దాఖలా ఈ రాష్ట్రంలో లేదు. ఈ సంగతి చెప్తే డైరెక్టర్ గారికి కూడా చెమట పట్టింది.

"అయితే ఐదవ గొంతు మృతి చెందలేదు," అన్నారు, కండువాతో మొహం తుడుచుకుంటూ. "విధులకు గైరుహాజరగుచున్నది. చర్య తీసుకొనుడు."

తీసుకున్నాను. నా చేత్తోనే మెమో రాశాను. "మీ వంతు వచ్చినపుడెల్లను మీరు మౌనము వహించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఏల మీపై చర్య గైకొనరాదో సంజాయిషీ ఈయవలెను." అందుకున్నట్టు సంతకం పెట్టే సదుపాయం లేక పెట్టె మూత మీద అంటించి, ఇద్దరు సాక్షులతో పంచనామా చేయించాను. గడువు దాటినా జవాబు లేదు. విచారణకి డైరెక్టర్ గారే కూర్చున్నారు.

"నీవు చెప్పుకొనవలసినది ఏమైనను కలదా?"

ప్రభుదాసు ఐదో వంతు వచ్చేదాకా మీటలు నొక్కుతూ వచ్చాడు. నిశ్శబ్దం. తరవాతి మీటకి సన్నాయి "పీ" అంది.

"అది ఎవరు?"

"ఆరోదండి," అన్నాడు ప్రభుదాసు.

"సహోద్యోగి తరఫున సాక్ష్యమిచ్చుటకు ప్రయత్నించినదని రాసుకొనుడు," అన్నారు డైరెక్టర్ గారు. రాసుకున్నాను. ఆ సాయంత్రమే ఐదో గొంతుని సస్పెండు చేశాం.

సస్పెన్షన్ అంటే నిబంధనలుంటాయి మరి. సస్పెండైన ఉద్యోగి పర్మిషన్ లేకుండా హెడ్‌క్వార్టర్స్ దాటకూడదు. హైదరాబాదులో ఇలాంటి పెట్టెలు బాగుచేసే మనిషి ఉన్నాడు, తీసుకెళ్తానని ప్రభుదాసు కాళ్లావేళ్లా పడ్డాడు. ఎలా వీలవుతుందండీ? కచేరీలకి తీసుకెళ్లడం కూడా మానేశాం. జిల్లాల్లో ఒప్పుకున్న కచేరీలకి ఆ జిల్లాల జనాన్నే బస్సుల్లో మా ఆఫీసుకి రప్పించాం. ఇక సస్పెన్షన్‌లో ఉన్నవాడికి సగం జీతం ఇవ్వాలి. పెట్టెకి జీతమంటే కరెంటే కదా. సగం కరెంటు ఇవ్వడం ఎలక్ట్రీషియన్‌కి చేతకాలేదు. అందుకని పూట మార్చి పూట స్విచ్చి కట్టేశాం. దానివల్ల మిగతా ఏడుగురికీ సగమే అందింది. పాపం, కిక్కురుమనలేదు.

అప్పటికి వార్షికోత్సవం ముంచుకొస్తోంది. స్వాగత గీతంలో స్వరాలు ఊడిపోతుంటే సంస్థ పరువేం కాను? ఖాళీని వదులుకోకూడదు, అలాగని పని ఆగకూడదు. నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. సస్పెన్షన్ ఖాళీలో తాత్కాలికంగా ఒక మనిషిని వేసుకోవచ్చు. అంటే ఐదో గొంతు స్థానంలో ఒక గొంతుని.

మంగతాయారు అలా వచ్చింది. ఆవిడ మాకు కొత్తమనిషేం కాదు. ఏళ్ల తరబడి మా కోరస్‌లో వెనక వరసలో నిలబడి "ఆ", "ఓ" అంటూ ఉండేది. ఎప్పుడు కనపడినా ఒకటే గొడవ.

"ఏవండీ సూపర్నెంటు గారూ, మీకు పుణ్యముంటుంది. నాకు డబ్బూ వద్దు, దస్కమూ వద్దు. చచ్చేలోగా ఒక్క పాట, మొదట్నుంచి చివరిదాకా, నేనొక్కదాన్నే పాడాలండి. మైకులో నా పేరు చెప్పాలండి. అంతే."

"గాయని పోస్టు మా దగ్గర లేదమ్మా," అని ఏళ్లుగా చెప్తున్నాను. ఈసారి మాత్రం పోస్టు ఉంది. ఎనిమిది స్వరాలకోసారి ఒక స్వరం పాడాలి, మిగతా ఏడు స్వరాలప్పుడూ నోరు మూసుకోవాలి. ఇదీ ఉద్యోగం. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది.

"ఒక్క స్వరమేనా అండీ?"

"తొందరపడకూడదు," అన్నారు డైరెక్టర్ గారు. "వార్షికోత్సవము వరకు మీపై ఏ విధమైన ఫిర్యాదు రానిచో, ఆనాటి సభలో మీ ఏకగానమునకు అనుమతి సానుకూలముగా పరిశీలింపబడును."

ఆవిడకి సగం అర్థమైనట్టుంది. ఆ సగానికే కళ్లమ్మట నీళ్లు పెట్టుకుని దండం పెట్టింది. మర్నాడే పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఆవిడ అవస్థ చూడాలి. ప్రభుదాసు వాయిస్తుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, తన వంతు రాగానే సరిగ్గా ఆ స్వరం అందుకోవాలి. పైగా గాత్రం చేయకూడదు. సన్నాయి ఫ్లాపీ వేసినప్పుడు సన్నాయిలా పలకాలి, మృదంగం ఫ్లాపీ వేసినప్పుడు "తోం" అనాలి. పౌరాణిక నాటకాలవాళ్లొచ్చి పిడుగు ఫ్లాపీ వేయించుకున్న రోజున ఆవిడ ఎనిమిది పిడుగులకోసారి నోటితో పిడుగు పడాల్సి వచ్చింది. పడింది కూడా. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన చెంబు జారవిడిచాడు. నిజం చెప్పొద్దూ, పెట్టెలో పిడుగుకన్నా ఆవిడదే బాగుంది.

ఒకే ఒక్కసారి తప్పు చేసింది. రిహార్సల్లో తన స్వరం పాడి, ఊపులో పక్క స్వరం కూడా అందుకుంది. అటుపై ఇంకోటి. కళ్లు మూసుకుని అలా పోతోంది. ప్రభుదాసు వాయించడం మానేసి వింటున్నాడు. నేనే బల్ల గుద్దాను.

"మంగతాయారమ్మా! అది ఆరోదాని పరిధి. ఇంకొకరి పోస్టులో జొరబడటం తప్పమ్మా."

"నోరు ఆగలేదండి."

"నోరు ఆగడమే నీ ఉద్యోగం," అన్నాను. ఫిర్యాదు రాస్తే పాట ఆశ పోతుందేమోనని ఆవిడ వణికిపోయింది. ఆరో గొంతు వైపు నించి లిఖితపూర్వకంగా ఏమీ రాలేదు కాబట్టి మాటతో వదిలేశాను. అప్పటినుంచి తన వంతు కానప్పుడు ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది.

అంతా సవ్యంగా నడుస్తోందనుకుంటుండగా ఆడిట్ వచ్చింది. ఆడిట్ ఆఫీసరు త్రిపురాంబ గారి కోసం హాలు కడిగించాం. పెట్టెని బల్లతో సహా జరుపుతుంటే ద్వారబంధానికి ధడేలుమని తగిలింది. త్రిపురాంబ గారు వచ్చి కూర్చున్నాక ప్రభుదాసు స్వాగత గీతం వాయించాడు. మంగతాయారు తన వంతు రాగానే "పీ" అంది. పెట్టె కూడా "పీ" అంది. ఎనిమిదింటి తరవాత మళ్లీ ఇద్దరూ "పీ" అన్నారు.

ప్రభుదాసు మొహం చాటంతయింది. "ఐదోది లేచిందండోయ్! లోపల కార్డు వదులైపోయుంటదండి. దెబ్బకి కుదురుగా కూకుంది."

త్రిపురాంబ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఒక పోస్టులో ఇద్దరు పలుకుతున్నారేమిటి?"

ఆడిట్ అభ్యంతరాలన్నిటిలోకీ ప్రాణాంతకమైనది అదే. డైరెక్టర్ గారు గదిలోకి పిలిచి తలుపేశారు. ఇద్దరిలో ఎవరు జూనియరు? పెట్టె ఎనభైల్లో చేరింది, మంగతాయారు మొన్న చేరింది. సందేహమేముంది, సీనియరుకే న్యాయం జరగాలి. ఐదో గొంతుని తిరిగి విధుల్లోకి తీసుకున్నాం. సస్పెన్షన్ కాలాన్ని డ్యూటీగా పరిగణించాం. అలా పరిగణిస్తే, ఆ కాలంలో అది పలకాల్సిన స్వరాలన్నీ దానికి బకాయి పడ్డట్టే. అవి చెల్లించాలి. మరి అదే కాలంలో అవే స్వరాలు మంగతాయారు పాడేసింది. అంటే అర్హత లేకుండా అదనంగా పాడినట్టు. అవి రాబట్టాలి.

"పాడినది ఎట్లు రాబట్టుట?" అన్నారు డైరెక్టర్ గారు.

"ఎన్ని స్వరాలు పాడిందో అన్ని స్వరాలు పాడకుండా ఉండాలండి," అన్నాను. "ఇంట్లో కూర్చుని పాడకుండా ఉంటే లెక్కలోకి రాదు. మైకు ముందు, అధికారి సమక్షంలో ఉండాలి."

డైరెక్టర్ గారు నా భుజం తట్టారు. వారు ఎవరి భుజమూ తట్టరు.

మంగతాయారుకి ఉత్తర్వు చదివి వినిపించే పని నా మీదే పడింది. విని, నోట్లో కుక్కుకున్న కొంగు తీసింది. "మరి నా పాటండీ?" అంది చివరికి.

"రికవరీ తీరాక చూద్దాం."

"ఎప్పటికి తీరుతుందండీ?"

"వార్షికోత్సవంలో మొదటి విడత పెట్టాం. మైకులో నీ పేరు కూడా చెప్తాం," అన్నాను. ఓదారుద్దామనే అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసిన చూపు నాకు బొత్తిగా నచ్చలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదంటే నమ్మండి.

వార్షికోత్సవం రానే వచ్చింది. హాలు నిండా స్టాఫు, వాళ్ల పిల్లా పీచూ, జిల్లాల నించి బస్సుల్లో తోలుకొచ్చిన జనం. మొదటి అంశం బకాయి స్వరాల చెల్లింపు. ఐదో గొంతుకి రావాల్సిన స్వరాలు మాత్రమే పలకాలి కాబట్టి, మధ్యలో ఏడింటికీ ప్రభుదాసు వాల్యూమ్ తగ్గించి, ఐదోదానికి పెంచాడు. "పీ" అంది. ఒక్క క్షణం ఏమీ లేదు. మళ్లీ "పీ" అంది. జనం బస్సు వెనక్కి తీస్తున్నారేమోనని రెండుసార్లు లేచి పక్కకి తప్పుకున్నారు. చెల్లింపు అయ్యేసరికి పిల్లలు నిద్రపోయారు.

రెండో అంశం మైకులో ప్రకటించారు. "ఇప్పుడు శ్రీమతి మంగతాయారు గారు పాడకుండా ఉందురు."

ఆవిడ వచ్చింది. పట్టుచీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. మైకు ముందు కూర్చుంది. త్రిపురాంబ గారు మొదటి వరసలో, నేను స్టేజీ పక్కన కుర్చీలో. పాడని స్వరాలు లెక్కపెట్టి జమ వేయడం నా బాధ్యత. తాళం కోసం ప్రభుదాసు చిటికెలు వేస్తున్నాడు. చిటికెకో స్వరం జమ అవుతోంది. జనం బిత్తరపోయి ఆవిడనే చూస్తున్నారు. ఆవిడ మైకుని చూస్తోంది.

కాసేపటికి నోరు తెరిచింది.

"లంక మీద అరటి తోట... లంక మీద అరటి తోట...
తడిక లేని తోటకేమో తాళమేశాడే మావ..."

ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన పాట కాదు, వాళ్లమ్మ గోదారి లంకల మధ్య పడవల మీద పాడేదట. గొంతు ఎత్తింది. ఇన్నాళ్లూ కొంగులో కుక్కిన గొంతంతా ఒక్కసారి బయటికొచ్చింది. హాలు హాలంతా నిటారుగా కూర్చుంది.

డైరెక్టర్ గారు లేచారు. "అమ్మా! ఏమిది! మీ బాకీ పెరుగుచున్నది!"

ఆవిడ చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుని, "ఎంతయిందండీ?" అంది.

"ఈ వేగమున పాడినచో మీ జన్మలో తీరదు!"

"తీరదా అండీ?"

"తీరదు!"

"అయితే ఇంక భయమేవుందండీ," అంది మైకులోనే, నవ్వుతూ. "ఇంకోటి కూడా పాడేస్తాను."

జనం ఈలలు వేశారు. ప్రభుదాసు చిటికెలు మాని తాళం వేస్తున్నాడు. త్రిపురాంబ గారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇటు వసూలు పద్దు కొట్టేసి అటు బాకీ పద్దు తెరిచి, స్వరానికో గీత చొప్పున నేను గీస్తూనే ఉన్నాను. పాటలో ఎక్కడో మావ తాళం చెవి ఏట్లో పారేసుకున్న చోట నా చెయ్యి ఆగిపోయింది. నాకు సంగీతం రాదని ముందే మనవి చేశాను. అయినా చెప్తున్నాను, అంత హాయి నా సర్వీసులో ఎరగను.

పాట అయిపోయింది. చప్పట్లలోంచి డైరెక్టర్ గారు నా మీదకి వంగి, "ఎన్ని?" అని ఉరిమారు.

"లెక్క తప్పిందండి," అన్నాను. "రికార్డు సరిగా ఉండాలంటే, ఆవిణ్ణి మళ్లీ మొదట్నుంచి పాడమనండి."